పీత ముగ్గు

నేను ఒక గడ్డం బ్రష్షుని.

నవ్వారా? నవ్వండి, నాకేం. ఏ రాజుగారి కత్తో, జమీందారుగారి గడియారమో నోరు విప్పితే చెవులు రిక్కించి వింటారు. గడ్డం బ్రష్షు మాట్లాడబోతే మాత్రం దీనికీ ఒక కథా అంటారు. మీ మగవాళ్ళ మొహాలు పొద్దున్నే ఎంత అందంగా ఉంటాయో దగ్గరగా చూసినదాన్ని నేను. ఆ గుట్టంతా కడుపులో దాచుకున్నందుకైనా కాస్త కూర్చుని వినండి.

నా పుట్టుక గురించి డప్పు కొట్టుకోడానికేం లేదు. నా కుచ్చు పంది వెంట్రుకలది. అదిగో, అప్పుడే మొహం చిట్లించారు! ఆ కుచ్చుతోనే చెంపలు రుద్దించుకుని, పైన ఇంత పౌడరు కొట్టుకుని పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు లేని అసహ్యం ఇప్పుడెందుకు? పేరు కూడా లేని ఒక చిన్న కార్ఖానాలో, రేకుల షెడ్డు కింద, ఒకావిడ ఆ వెంట్రుకల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, దువ్వి, గుప్పెడు తీసి మొదట్లో దారం చుట్టింది. చుట్టేటప్పుడు పక్కావిడతో వాళ్ళ అత్తగారి గురించి చెబుతోంది. ఆ కోపమంతా దారం మీద చూపించింది. అంత గట్టిగా బిగించబట్టే చాలాకాలం నిలిచాను. తర్వాత నన్ను చెక్క పిడిలో దించి, పిడికి ఎర్ర రంగు పూసి, అట్టపెట్టెలో నాలాంటివాళ్ళ మధ్య పడుకోబెట్టారు.

పెట్టె తెరుచుకునేసరికి సముద్రం వాసన కొట్టింది. కాకినాడ దాటి తీరం వెంబడి పోతే వచ్చే గవ్వలపేట అది. వేటకెళ్ళేవాళ్ళ ఊరు. అక్కడ గంగరాజు సెలూనులో అద్దం ముందు నాకు చోటు దొరికింది. ఒక కుర్చీ, ఒక అద్దం, ఎప్పుడూ గొంతు జీరగా ఉండే ఒక రేడియో. అదే నా లోకం. సబ్బు నురగ కింద మనుషులందరూ ఒకటేనండీ. పడవలు నడిపించే తాతబ్బాయి ఉండేవాడు. ఊళ్ళో ఎక్కడ మాట్లాడినా ఊరంతా వినబడే గొంతు. ఆయన కూడా మూతి చుట్టూ నురగ పెట్టగానే కిక్కురుమనకుండా కూర్చునేవాడు. ఆయన నోరు మూయించగలిగేది గవ్వలపేటలో నేనొక్కదాన్నే.

అక్కడికే కోదండం వచ్చేవాడు. పడవలకి బొమ్మలు వేసే మనిషి. పొడుగ్గా, ఎండకి కమిలిపోయి, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేవాడు. మిగతావాళ్ళు అద్దంలో తమ మొహాలు చూసి మురిసిపోతుంటే, ఈయన మొహాన్ని వదిలేసి నురగని చూసేవాడు. గంగరాజు కత్తి ఒక్క లాగు లాగగానే, “ఆగాగు” అని చెయ్యెత్తి, చెంప మీద మిగిలిన తెల్లటి చారని అటు తిరిగి ఇటు తిరిగి చూసుకునేవాడు. “అల ఎనక్కెళ్ళినట్టుంది కదరా గంగరాజూ. మా మసేనుకి చెప్పాలి,” అనేవాడు. గంగరాజు కత్తి గాల్లో పట్టుకుని నిలబడేవాడు పాపం.

పడవకి బొమ్మెందుకని అడుగుతారేమో. గవ్వలపేటలో ప్రతి పడవకీ ముక్కు దగ్గర దాని బొమ్మ దానికుంటుంది. ఒకదాని బొమ్మ ఇంకోదానికి వెయ్యరు. సాయంత్రం ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళు, పడవ ఇంకా దూరంగా ఉండగానే ఆ బొమ్మని పట్టి, “తాటాకు పడవొచ్చింది! శంఖం పడవొచ్చింది!” అని కేకేస్తారు. ఆ కేక వినగానే ఎవరింట్లో వాళ్ళు పొయ్యి మీద ఎసరు పెడతారు. ఆ బొమ్మలన్నీ కోదండం చేతివే. కోదండానికి ఒక పంతం ఉండేది. మనిషి చేసిన వస్తువు బొమ్మ వెయ్యడు. కత్తి వెయ్యడు, కిరీటం వెయ్యడు, జెండా వెయ్యడు. మొగలి ఆకు అంచున ఉండే ముళ్ళ వరస, తాటాకు మడతలు, సరుగుడు కాయ మీద గళ్ళు, ఇసక మీద పాకే ఊదాపూల తీగ, గవ్వ వీపు మీద చుక్కలు, ఇవీ ఆయన వేసేవి.

అసలు సంగతి ఏమిటంటే, చెయ్యి ఆయనదే గానీ కన్ను ఆయనది కాదు. వాళ్ళావిడ మసేనమ్మది. పుల్లలేరడానికి సరుగుడు తోటలోకెళ్ళినా, చేపలు ఎండబెట్టడానికి ఒడ్డుకెళ్ళినా, ఆవిడ చూపు ఊరుకునేది కాదు. ఏదో ఒక ఆకో చిప్పో ఒళ్ళో వేసుకొచ్చి, “మావా, ఇదిగో చూడు, దీని గీతలు చూడు,” అని ఆయన ముందు పెట్టేది. ఆయన దాన్ని కాసేపు తిప్పి తిప్పి చూసి, మర్నాడు పడవ మీదకెక్కించేవాడు. ఆవిడ తెచ్చినవన్నీ వేశాడు, ఒక్కటి తప్ప. నీళ్ళు వెనక్కెళ్ళాక తడి ఇసక మీద చిన్న చిన్న పీతలు ఇసకని గుండ్రంగా ఉండలు చేసి, తమ కన్నం చుట్టూ వరసలు వరసలుగా పేరుస్తాయి, చూశారా? కన్నం దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకుంటాయి. మసేనమ్మకి అదంటే ప్రాణం. పీత ముగ్గు అనేది దాన్ని. “ఒక్క పడవకి పీత ముగ్గు వెయ్యి మావా,” అని పెళ్ళయిన కొత్తలో మొదలెట్టింది. “పడవ మీద పీత ఉండలేంటే, నవ్వుతారు,” అని ఆయన కొట్టిపారేసేవాడు. ఆవిడ మూతి ముడుచుకునేది. మరుసటి ఏడు మళ్ళీ అడిగేది.

ఇవన్నీ నేను తర్వాత ఆ ఇంటికెళ్ళాక విన్న మాటలు. ఎలా వెళ్ళానో చెబుతాను.

ఒకరోజు కోదండం నిచ్చెన మీంచి దిగుతూ దిగుతూ కూలబడ్డాడు. పక్షవాతం. ప్రాణం నిలిచింది, కాలు కాస్త ఈడుస్తూ నడిచేదాకా వచ్చింది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. గంగరాజు మంచి మనసుతో ఇంటికెళ్ళి గడ్డం గీస్తానన్నాడు. వెళ్తే కోదండం పెడమొహం పెట్టి గోడవైపు తిరిగాడట. రంగుల చెయ్యి చచ్చుబడి మంచం మీద పడుంటే, దాన్ని బయటివాళ్ళు చూడటం ఆయనకి తలకొట్టేసినట్టుండేది. గడ్డం గుబురుగా పెరిగిపోయింది. చూడలేక మసేనమ్మే సెలూనుకొచ్చింది. ఆడమనిషి సెలూనులోకి రావడం అదే మొదటిసారి కాబోలు, నురగలో ఉన్నవాడు కూడా లేచి నిలబడ్డాడు.

“నాకు నేర్పు గంగరాజూ. నేనే గీస్తాను.”

“నీకెలా వస్తదక్కా?”

“చేప పొలుసు తీసేదాన్ని. గడ్డం తీయలేనా?”

గంగరాజు ఎవరి గడ్డాన్నీ ఆవిడకి అప్పగించే ధైర్యం చెయ్యలేదు. తన గడ్డం సంగతి అసలు ఎత్తనే లేదు. దొడ్లోంచి ఒక బూడిదగుమ్మడికాయ తెచ్చాడు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి, నాతో నురగ రాసి, కత్తి ఎలా వాల్చాలో చూపించాడు. నా బతుకులో గుమ్మడికాయకి గడ్డం గీయించడం అదొక్కసారే. ఒక్క గాటు పడకుండా గీసేసిందావిడ. గంగరాజు నోరెళ్ళబెట్టి, కత్తినీ నన్నూ కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.

అలా నేను కోదండం ఇంటికెళ్ళాను. ఏం చెప్పమంటారు ఆ ఇంటి గురించి! ఇద్దరు మనుషులు, ఒక నులక మంచం, పంచలో ఎండు చేపల వాసన, అంతా బాగానే ఉంది. మాటే లేదు. డాక్టరు నాలిక బానే ఉందన్నాడు. మాట పడిపోలేదు, ఆయన మాట మానేశాడు. ఒకరోజు ఎడం చేత్తో గోడ మీద ఒక తీగ గీయబోతే వంకర పోయిందట. వెంటనే తన కుంచెల కట్ట మొత్తం తీసుకెళ్ళి వేణ్ణీళ్ళ పొయ్యిలో తోసేశాడట. “ఇంకెవడో రంగేసిన పడవ నా కంట పడకూడదు. నేను ఒడ్డుకి రాను,” అన్నాడట. అదే ఆయన ఆఖరి పెద్ద మాట. ఆ తర్వాత మసేనమ్మ ఏం చెప్పినా ఊ, లేకపోతే అదీ లేదు. నేను రోజూ ఆ చెంపల మీద తిరిగేదాన్ని. ఒకప్పుడు నురగ చూసి మురిసిన కళ్ళు, మూసుకునే ఉండేవి. మసేనమ్మ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది, తనే నవ్వుకునేది, తనే ఆగిపోయేది. నాకు చెడ్డ బాధేసేది. బ్రష్షుకి బాధేంటి అంటారా? పొద్దున్నే మనిషి మొహాన్ని పట్టుకుని బతికేదాన్ని, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

గీయడం అయ్యాక నన్ను కిటికీ గట్టు మీద పెట్టేది. ఒకరోజు ఏదో ఆలోచనలో ఉండి నన్ను తలకిందులుగా గట్టు మీద అదిమి పెట్టింది. తీసేసరికి అక్కడ గుండ్రంగా ఒక తెల్ల ముద్ర పడింది. ఆవిడ ఆగిపోయింది. దాని పక్కనే ఇంకోసారి అదిమింది. ఇంకోటి. గట్టు నిండా ఉండలు పరిచినట్టు ముద్రలు. నన్ను కళ్ళ దగ్గరకి తెచ్చుకుని, పెళ్ళికొడుకుని చూసినట్టు చూసింది. నాకు సిగ్గేసింది.

అంతలో వేట నిషేధం రోజులొచ్చాయి. ఆ ఎండాకాలం సముద్రంలోకి ఎవరూ వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ ఒడ్డుకి లాగి, బోర్లించి, అడుగు గీకి, మరమ్మతులు చేసి, రంగులేసుకుంటారు. కోదండం సంవత్సరమంతా ఎదురుచూసే కాలం అది. ఈసారి తాతబ్బాయి కొత్త ఫైబరు పడవ తెప్పించి ఒడ్డున బోర్లించాడు. దారిన పోతూ వాకిట్లో ఆగి, మసేనమ్మని బయటికి పిలిచి, ఆయనకి అలవాటు లేకపోయినా గొంతు తగ్గించి మాట్లాడాడు.

“మసేనక్కా, పడవకి పై రంగు నువ్వెయ్యి. బావకి వంచన చెయ్యకూడదని నీకే ఇస్తున్నాను. బొమ్మ జోలికి మాత్రం వెళ్ళకు. టౌన్లో స్టిక్కరు చెప్పేశాను. గెద్ద బొమ్మ. శుక్రవారం వచ్చి అంటించేస్తాడు.”

“పడవ మీద స్టిక్కరేంటి తాతబ్బాయీ? ఆడోళ్ళకి కనబడొద్దా? ఈ ఏడు నువ్వంటించుకుంటే వచ్చే ఏడు అందరూ అదే గెద్దని అంటించుకుంటారు. ఇంక ఎవరి పడవ ఏదో ఎలా తెలుస్తది?”

“ఏం చెయ్యమంటావక్కా? బావ లేస్తాడా?”

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. పంచలో కోదండం గోడవైపు తిరిగి పడుకున్నాడు. గొంతు తగ్గించినా తాతబ్బాయి గొంతు తాతబ్బాయి గొంతే, అన్నీ వినబడే ఉంటాయి.

మర్నాడు పై రంగు వేసేసింది. సముద్రం రంగు నీలం, తాతబ్బాయి ఇచ్చిన వెడల్పు బ్రష్షుతో. అది ఎండాక, ఆ మర్నాడు పొద్దున పడవ ముక్కు దగ్గర నిలబడి, అదే బ్రష్షుని తెల్ల రంగులో ముంచి ఒక మూల బొమ్మ మొదలెట్టబోయింది. పిడక కొట్టినట్టొచ్చింది. గబగబా తుడిచేసి ఇంటికొచ్చి, నన్ను కిటికీ గట్టు మీంచి తీసి బొడ్లో దోపుకుంది. దారి పొడుగునా నాతో మాట్లాడుతూనే ఉంది.

“వాడు స్టిక్కరు అంటిస్తే ఇంక మా మావ లేవడే. ఎప్పటికీ లేవడు. మందులయిపోయాయి, మొక్కులయిపోయాయి. ఇంక కోపం ఒక్కటే మిగిలింది. నేను పడవ మీద చెయ్యేశానని తెలిస్తే తిట్టడానికైనా లేస్తాడు. లేచి వచ్చి తిట్టనీ. అదే చాలు నాకు.”

నేనేం చెప్పగలను! సబ్బు నీళ్ళు తప్ప ఎరగని నన్ను తెల్ల ఎనామిల్ డబ్బాలో ముంచేసింది. అబ్బ, ఆ ఘాటు! వెంట్రుకలన్నీ నిలబడ్డాయి. ఇంక నేను ఏ చెంప మీదకీ పనికిరానని అప్పుడే తెలిసిపోయింది. ఆవిడ మొదటి ముద్ర కొట్టింది. పడవ బోర్లించి ఉంది కదా, నేలకి దగ్గరగా ముందు కన్నం పెట్టింది. అక్కణ్ణుంచి పైకి ఉండల వరస. పక్కన ఇంకో వరస. మొదట బెదురుగా, తర్వాత కుదురుగా, ఆ తర్వాత పాట కూడా అందుకుంది. చెయ్యి ఒకచోట అదిమితే పెద్ద ఉండ, తేలిగ్గా తాకిస్తే చిన్న ఉండ. ఒడ్డున పీతలు ఎలా చేస్తాయో అలాగే, దగ్గర దగ్గరగా మొదలై పైకి పోయేకొద్దీ దూరం దూరంగా. ఎండ నెత్తికెక్కేసరికి పీత ముగ్గు విచ్చుకుని నిలబడింది. ఎన్నేళ్ళ కోరికో. కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కెళ్ళి చూసి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాకూ గర్వంగానే ఉంది. ఇద్దరం ఆ ఆనందంలో ఒక్క ముక్క మర్చిపోయాం. అదేంటో మీకు తట్టిందా? మాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున గడ్డం గీయడానికి నేను లేను కదా. టర్పెంటాయిలు గిన్నెలో తల ముంచుకుని ఓ మూల ఉన్నాను, అక్కణ్ణుంచే చూశాను. మసేనమ్మ సబ్బుని అరచేతుల్లో రుద్ది, నురగ చేసి, రెండు చేతులతో ఆయన చెంపలకి రాసింది. నెమ్మదిగా, గుండ్రంగా. కోదండం కళ్ళు తెరిచాడు. చాలా రోజులకి ఆవిడ మొహంలోకి చూశాడు.

“బ్రష్షేదే?”

ఎన్నాళ్ళకి నోట్లోంచి ఊడిపడ్డ మాట! అదీ నా గురించి. ఆవిడ నురగ రాస్తూనే ఉంది.

“ఎలక ఎత్తుకుపోయింది.”

“ఎలకకి గడ్డం బ్రష్షెందుకే?”

“దానికీ మీసాలుంటాయి కదా మావా, మరి.”

ఆయన నవ్వలేదు. ఆవిడ గోళ్ళ చుట్టూ మిగిలిన తెల్ల రంగుని చూశాడు. నలభై ఏళ్ళు రంగులతో బతికిన మనిషికి ఎనామిల్ వాసన చెప్పాలా? గడ్డం సగంలో ఉండగానే గోడవైపు తిరిగిపోయాడు. తిడతాడని ఎదురుచూసిన మసేనమ్మకి తిట్టు కూడా దక్కలేదు. కత్తి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కళ్ళ నీళ్ళు సబ్బుచేత్తోనే తుడుచుకుంది, కళ్ళు ఇంకా మండాయి. నా వల్లే ఈ తంటా అంతా అని నన్ను నేను తిట్టుకున్నాను.

గురువారం తాతబ్బాయి మనుషుల్ని వెంటేసుకుని పడవ తిరగెయ్యడానికి వచ్చాడు. మసేనమ్మ నన్ను బొడ్లో పెట్టుకుని ముందే ఒడ్డున రంగుల సామాను పెట్టుకునే పాక దగ్గర నిలబడింది. బొమ్మ ఉన్నవైపు సరుగుడు కొమ్మలు అడ్డం పెట్టింది. మనుషులు భుజాలానించి, హైలెస్సా అని ఒక్క ఊపు ఊపారు. పడవ పక్కకి ఒరిగి, గిర్రున తిరిగి, అడుగు ఇసకలో ఆనించి నిటారుగా కూర్చుంది. కొమ్మలు చెదిరిపోయాయి.

మసేనమ్మ గుండె గుభేలుమంది. బొడ్లో ఉన్నదాన్ని, నాకు వినబడింది. పీత ముగ్గు తలకిందులైపోయింది! కన్నం పైన పడవ అంచు దగ్గర, ఉండల వరసలన్నీ కిందికి. బోర్లించిన పడవ మీద తిన్నగా వేస్తే, తిరగేశాక అది తలకిందులు కాక ఏమవుతుంది? కోదండం వెయ్యడం ఆవిడ ఎప్పుడూ చూసేది. బొమ్మ వేస్తూ వేస్తూ ఆయన మెడ ఒక పక్కకి వాల్చి, చెవి భుజానికి ఆనించి చూసుకునేవాడు. మెడ పట్టేసిందేమో అని ఈవిడ రాత్రి నూనె కాచి రాసేది. ఆయన ప్రతి బొమ్మనీ బుర్రలో తిరగేసుకుని వేసేవాడని ఈవిడకి ఎవరు చెప్పారు? ఆయనకి చెప్పాలని తోచలేదు, ఈవిడకి అడగాలని తోచలేదు. కాపురాలు ఇలాగే ఉంటాయి.

తాతబ్బాయి బొమ్మ దగ్గరికెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, చూస్తూ నిలబడ్డాడు.

“ఓర్నాయనో,” అన్నాడు. “వల! విసురు వల! ఒరే, చూడండ్రా, అంచు మీంచి నీళ్ళలోకి వల విసిరినట్టు లేదూ? ఇదిగో పిడి, ఇవిగో ముడులు, ఇవిగో కింద సీసం గుళ్ళు! మసేనక్కా, ఎంత పని చేశావే! గెద్దా లేదు గిద్దా లేదు, స్టిక్కరోణ్ణి రావద్దని చెప్పండ్రా!”

అందరూ మెచ్చుకున్నారు. ఒకడు బొమ్మ ముందు నిలబడి నిజంగానే వల విసిరినట్టు చెయ్యి తిప్పాడు. మసేనమ్మ ఇరుక్కుపోయింది. ఔనంటే అబద్ధం, కాదంటే స్టిక్కరు. బుర్ర ఊపిందో లేదో తెలియనట్టు ఊపి ఇంటికొచ్చేసింది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పకపోతే ఆగుతుందా? వాకిట్లోంచి పోయేవాళ్ళందరూ పంచవైపు తొంగి చూసి, “కోదండం మావా, మీ ఆవిడ వల భలే ఏసింది!” అనడం మొదలెట్టారు. మొదటిసారి ఆయన పట్టించుకోలేదు. రెండోసారి మంచం మీద కదిలాడు. నేను నా మూల నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ మనిషికి ఒంటినొప్పి కన్నా పెద్ద నొప్పి పట్టుకుంది. వలా? మసేనమ్మ వల వేసిందా? ఆకు తప్ప, చిప్ప తప్ప, ఇసక తప్ప ఇంకోటి ముట్టని మసేనమ్మ, మనిషి చేతి వస్తువు బొమ్మ వేసిందా? నమ్మడానికి మనసొప్పదు, వెళ్ళి చూడ్డానికి పంతం ఒప్పదు. అన్నం కూడా సరిగ్గా సయించలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం అడిగేశాడు.

“వలేంటే?”

“వచ్చి చూసుకో,” అంది మసేనమ్మ, చేపలు కోస్తూ, తల ఎత్తకుండా.

“చెప్పొచ్చు కదే.”

“చెప్పను.”

ఆవిడ గడుసుతనం చూస్తే నాకు ముచ్చటేసింది. లోపల ఎంత భయపడుతోందో నాకు తెలుసు కదా.

నిషేధం తీరింది. పడవలన్నీ తెల్లారకముందే వేటకెళ్ళాయి. అవి తిరిగొచ్చే వేళకి కోదండం మంచం మీద లేచి కూర్చుని, గడ్డం తడుముకున్నాడు. “గియ్యి,” అన్నాడు. మసేనమ్మ అరచేతులతో నురగ రాసి గీసింది. ఉతికిన చొక్కా తొడిగింది. ఆయన ఎడం చెయ్యి ఆవిడ భుజం మీద వేసి, కాలు ఈడ్చుకుంటూ ఇసకలోకి నడిచాడు. నన్ను బొడ్లో దోపుకుంది, దిష్టి తగలకుండా కాబోలు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు ఆయన్ని చూసి పక్కకి జరిగి చోటిచ్చారు. ఎవరూ పలకరించలేదు, పలకరిస్తే వెనక్కి తిరిగిపోతాడేమోనని అందరికీ భయమే.

నీళ్ళ చివర చుక్కలు కనబడ్డాయి. “శంఖం పడవొచ్చింది!” అని ఒకావిడ అరిచింది. “తాటాకు పడవ!” అని ఇంకొకావిడ. కాసేపటికి ఒక పిల్ల గెంతుతూ, “వల పడవొచ్చింది!” అంది.

కోదండం కళ్ళు చికిలించాడు. నీలం పడవ అలల మీద ఎగిరెగిరి దగ్గరికొస్తోంది. తెల్లటి ఉండల వరసలు ఎండలో మెరుస్తున్నాయి. ఆయన తదేకంగా చూశాడు. చూస్తూ చూస్తూ మెడ ఒక పక్కకి వాల్చాడు. ఇంకాస్త. చెవి భుజానికి ఆనింది. ఉన్నట్టుండి భుజాలు కదలడం మొదలెట్టాయి, నోట్లోంచి ఏదో చప్పుడు.

“మావా! మావా, ఏమైంది?” మసేనమ్మ హడలిపోయి ఆయన్ని పట్టుకుంది.

నవ్వుతున్నాడండీ! నవ్వు ఆగక ఊపిరందడం లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. “తలకిందులేసేశావే! పీత ముగ్గు కదే అది! బోర్లా ఉన్నదాని మీద తిన్నగా ఏసేశావే పిచ్చిదానా!”

ఆవిడ గబుక్కున ఆయన నోరు మూసింది. “మెల్లిగా! తాతబ్బాయి వింటే స్టిక్కరు అంటిస్తాడు!”

ఆ చేతిని ఆయన ఎడం చేత్తో పట్టుకుని దించాడు. వదల్లేదు. నవ్వు ఆగిపోయింది, నీళ్ళు మాత్రం ఆగలేదు. “ఎన్నేళ్ళు అడిగావే నన్ను. ఎన్నేళ్ళు అడిగావు. ఒక్కసారి కూడా వెయ్యలేదే నేను,” అన్నాడు. అని, ఒడ్డంతా వినబడేట్టు, తాతబ్బాయి గొంతు ఏ మూలకీ రానంత గట్టిగా కేకేశాడు.

“వల కాదెహె! పీత ముగ్గు! మా మసేను చూసింది, మా మసేనే ఏసింది!”

పడవ ఒడ్డెక్కింది. తాతబ్బాయి దూకి వచ్చి, “పీతేంటి బావా?” అన్నాడు అయోమయంగా. “తల కిందకెట్టి చూడరా,” అన్నాడు కోదండం. అంత పెద్దమనిషీ పడవకి వీపు పెట్టి నిలబడి, లుంగీ ఎగ్గట్టి, నడుం వంచి, కాళ్ళ సందులోంచి చూశాడు. “అమ్మ బాబోయ్, ఉంది! పీత ముగ్గు ఉంది!” అని తలకిందులుగానే అరిచాడు. దాంతో వల పట్టుకున్నవాడు వల వదిలేసి వంగాడు, బుట్ట పట్టుకున్నావిడ బుట్ట దించి వంగింది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, గవ్వలపేట మొత్తం నడుం వంచి ఒక పడవని చూసింది. నేనూ మసేనమ్మ బొడ్లో తలకిందులయ్యాను. నాకు తిన్నగా కనబడింది, నా పని, ఆవిడ పని.

ఇప్పుడు నాకు వెంట్రుకలు సగం రాలిపోయాయి, ఉన్నవి రంగుకి అట్టకట్టాయి. పాకలో మేకుకి వేలాడుతుంటాను. కొత్త కుంచెలొచ్చాయి, నాతో పని లేదు. కోదండం రోజూ వస్తాడు. ఎడం చేత్తో రంగు కలుపుతాడు, మసేనమ్మ వేస్తుంది. ఆయన పక్కన నిలబడి, “పైకి కాదే, కిందికి, ఎన్నిసార్లు చెప్పాలే,” అంటాడు. “బోర్లించి ఉంది మావా, నీకే తిరగబడింది,” అంటుంది ఆవిడ. “నాకు నేర్పుతున్నావా?” “నీకు నేర్పాలంటే ఇంకో జన్మెత్తాలి!” పొద్దున మొదలైతే అన్నాల వేళ దాకా ఆగదు. దారిన పోయేవాళ్ళు చెవులు మూసుకుంటారు. గంగరాజు అయితే, మీ ఇద్దరికీ నురగ పెట్టి నోళ్ళు మూయించాలి అంటాడు.

అననీండి. ఆ ఇంట్లో మాట లేని రోజులు నాకు తెలుసు. వాళ్ళు అలా పోట్లాడుకుంటూనే ఉండాలి, నేను ఈ మేకు మీంచి వింటూనే ఉండాలి.